పండుగప్ప పక్కన స్పీకర్ బొమ్మ

మా ఇంగ్లీషు మాస్టారు పోయారని ఆమధ్య ఒక మంగళవారం పొద్దున్నే చల్లపల్లి నుంచి ఫోన్ వచ్చింది. ఆ సమయానికి నేను విజయవాడలో మా ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని ఆయన గొంతే వింటున్నాను. వినడం కాదు, కత్తిరించి పారేస్తున్నాను. ఎందుకో చెబుతాను.

మేం తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు ఆయన విజయవాడ వన్ టౌన్ నుంచి అరచేతిలో పట్టే ఎలక్ట్రానిక్ నిఘంటువు కొనుక్కొచ్చారు. పాఠం పక్కన పెట్టి, తలా ఒక మాట కొట్టి చూడమన్నారు. గంట మోగినా ఒక్కరం కదల్లేదు. ఆ తర్వాత సీడీ నిఘంటువులు వచ్చాయి. మాస్టారు ముందు సీడీ కొనేసి, తర్వాత కంప్యూటర్ కోసం ఇంట్లో పోరు పెట్టారు. అటుపైన వెబ్‌సైట్లు, ఫోన్లో యాప్‌లు. కొత్తది ఏది దొరికినా నాకు ఫోన్ చేసి పలకరింపు కూడా లేకుండా మొదలుపెట్టేసేవారు. "అమ్మాయ్, ఇది నొక్కితే పలుకుతోంది!"

తెలుగు మాటలున్న ప్రతిదాంట్లోనూ ఆయన ముందుగా వెతికేది చేపల పేర్లు. మట్టగిడస, ఇంగిలాయి, వాలుగ, పండుగప్ప. నిజానికి ఆయన చేప ముట్టని మనిషి. పేరు దొరక్కపోతే మాత్రం, మనకి పని మిగిలుందని తెగ సంబరపడేవారు.

రిటైరయ్యాక ఆ పని మీదే పడ్డారు. ఎవరైనా మాటలు చేర్చగలిగే ఆన్‌లైన్ నిఘంటువు ఒకటుంది. అందులో అర్థం ఆయన రాసేవారు. గొంతు మాత్రం వాళ్ళ వీధిలో చేపలమ్మే ఆవిడది. మీరే పలకొచ్చుగా అంటే ఒప్పుకునేవారు కాదు. "నేను పలికితే పాఠం చెప్పినట్టుంటుందమ్మా. ఆవిడ పలికితే చేప కనిపిస్తుంది."

చిక్కల్లా ఆయన తొందరతోనే. రికార్డింగ్ మొదలయ్యాక "ఆఁ, చెప్పండమ్మా" అనేవారు. ప్రతి మాటకీ ముందు అదే. ఆ ముక్క కత్తిరించి ఎక్కించడం నా వంతు. ముందు చెప్పమని తర్వాత నొక్కండి మాస్టారూ అని ఎన్నిసార్లో విసుక్కున్నాను. అలాగేనమ్మా అనేవారు, మర్నాడు మళ్ళీ మామూలే. మాట నిఘంటువులో కనబడగానే పరీక్ష ఫలితాలు వచ్చినంత హడావిడిగా ఫోన్ చేసేవారు. "ఎక్కింది, ఇంగిలాయి ఎక్కింది!" నాకూ ఆ రోజంతా హుషారుగా ఉండేది.

కత్తిరించిన ముక్కల్లో ఒక్కటీ నేను దాచుకోలేదు. ఆ మంగళవారం నా ముందున్నది ఆయన పంపిన చివరి రికార్డింగ్, పండుగప్ప. నిఘంటువులో మాట ఒక్కటే వినపడాలి, ఆయనైతే తీసెయ్యమనే అనేవారు. మొదటిసారి నేను ఆయన మాట వినలేదు. ఉన్నదున్నట్టు ఎక్కించేశాను.

పదకొండో రోజుకి చల్లపల్లి వెళ్ళాను. చేపలావిడ మాస్టారింటి గుమ్మం బయటే నిలబడి ఉంది. ఫోన్లో పండుగప్ప తెరిచి, పక్కనున్న స్పీకర్ బొమ్మ నొక్కమన్నాను. నొక్కింది.

"ఆఁ, చెప్పండమ్మా" అన్నారు మాస్టారు.

ఫోన్లో తన గొంతు ఇంకా రాకముందే, ఆవిడ చెంగు సర్దుకుని, "పండుగప్పండీ" అంది.