తుపాకీ మూతిలో కడ్డీ

దయ్యాలూ గియ్యాలూ అంటే నాకు ఒళ్ళు మంట. పనివాళ్ళ క్యాంపులో ఎవరైనా ఏదో ఆకారం కనిపించిందని చెబితే, ముందు కళ్ళు చూపించుకో పో అనేవాణ్ణి. ఇప్పుడు నేనే కూర్చుని ఇది రాస్తుంటే మా ఆవిడ నవ్వుతోంది. నవ్వనీ.

తొంభైల్లో నేను బహ్రెయిన్‌లో ఉన్నాను. మాది మెట్‌పల్లి దగ్గర. వెళ్ళింది ప్లాస్టరింగ్ పనికి. నయీమ్‌లో ఒక ఇంటి గోడలకు పూత వేస్తుంటే, నా పని నచ్చి ఆ ఇంటాయన వీసా మార్పించి తన దగ్గరే పెట్టుకున్నాడు. ఆయనే నా కఫీల్, అంటే వీసా యజమాని. మంచివాడే గానీ తుపాకుల పిచ్చి.

అవి నిజంగా పాతకాలపువి కావు. పాత పిస్తోళ్ళను చూసి అచ్చం అలాగే కొత్తగా చేసినవి. అన్నింటికీ సర్కారు కాగితాలుండేవి. మూతిలోంచి తుపాకిమందు పోసి, సీసపు గుండు వేసి, కడ్డీతో లోపలికి దిగ్గొట్టాలి. వెనక చిన్న రాగి టోపీ పెడితేనే పేలుతుంది. ఒక్కసారి కాల్చినా సరే, అదే రోజు సబ్బు కలిపిన వేడినీళ్ళతో గొట్టం కడిగి, ఆరబెట్టి, నూనె పట్టించాలి. అక్కడి గాలి తేమకు మర్నాటికే తుప్పు పట్టేది.

ఈ పని నాకు నేర్పింది యూసుఫ్ భాయ్. బోధన్ మనిషి, నాకంటే పదిహేనేళ్ళు పెద్ద, ఎడమచేతి వాటం. కఫీల్ దగ్గర నాకంటే ముందు నుంచీ ఉన్నాడు.

"మల్లేశా, కడ్డీ ఎయ్యకుంట మందు పొయ్యకురా. యాదిని నమ్ముకుంటే చెయ్యి పోతది" అని రోజుకు పదిసార్లు చెప్పి నా ప్రాణం తీసేవాడు.

ఆ కడ్డీకి ఒక గీత ఉండేది. ఖాళీ గొట్టంలో వేస్తే గీత సరిగ్గా మూతి దగ్గర ఆగుతుంది. లోపల మందూ గుండూ ఉంటే రెండు వేళ్ళ ఎత్తున పైనే నిలుస్తుంది. ఉన్నదాని మీద తెలియక మళ్ళీ పోసి కాలిస్తే గొట్టం పగిలిపోవచ్చు.

ఒక చలికాలం యూసుఫ్ భాయ్ సెలవు మీద ఊరెళ్ళాడు. నెల తర్వాత ఒక శుక్రవారం, నమాజు అయ్యాక, కఫీల్ నన్ను జల్లాఖ్‌లో సముద్రం పక్కనున్న తన తోటకు తీసుకెళ్ళాడు. మేమిద్దరమే. నాలుగు గుండ్లు కాల్చి, "ఆఖరిది నువ్వు కాల్చు" అన్నాడు. రెండేళ్ళుగా కడగడమే తప్ప ఒక్కసారీ కాల్చి ఎరగను. నా సంబరం చూడాలి! గబగబా మందు పోసి గుండు దింపాను. ఇంతలో ఆయన, "యల్లా, ముందు అన్నం" అంటూ తోటలోని ఇంట్లోకి నడిచాడు. పిస్తోలును బల్ల మీద మూతి సముద్రం వైపు, పిడి నా కుడిచేతి వైపు ఉండేలా పెట్టాను. ఇసుక పడకుండా కడ్డీని డబ్బాలో వేసి మూత పెట్టాను.

వంటింట్లో నా అన్నం తిని, ఇప్పుడు కాల్చబోతున్నానన్న హుషారులో పరుగున వచ్చాను. నింపి పెట్టిన సంగతి నా బుర్రలోంచి పూర్తిగా ఎగిరిపోయింది. మందు సీసా చేతిలోకి తీసుకున్నాను.

పిస్తోలు మూతిలో కడ్డీ దూర్చి ఉంది. గీత రెండు వేళ్ళ ఎత్తున పైనే ఉంది. పిడి ఎడమచేతి వైపుకు తిరిగి ఉంది.

మందు సీసాకు బిరడా పెట్టి దూరంగా జరిపాను. పోయుంటే పోయేది నా కుడిచెయ్యి, తాపీ పట్టే చెయ్యి. ఇంటి దగ్గర ఇద్దరు పిల్లలు దాని మీదే బతుకుతున్నారు.

మందు సంగతి మరిచినవాడికి కడ్డీ డబ్బాలో వేసిన సంగతి ఎలా గుర్తుందని మీరు అడగొచ్చు. నేనూ అలాగే అనుకుని సర్దుకుపోయేవాణ్ణి. కానీ కఫీల్ చేతులు తుడుచుకుంటూ వచ్చి, తనకొచ్చిన హిందీలో "యూసుఫ్ కబ్ ఆయా?" అన్నాడు. ఎప్పుడొచ్చాడని! తింటూ కిటికీలోంచి చూశాడట. యూసుఫ్ బల్ల మీదికి వంగి ఏదో చేస్తున్నాడట, పిలిస్తే తిరగలేదట.

యూసుఫ్ భాయ్ ఇంకా బోధన్‌లోనే ఉన్నాడని చెప్పాను. ఆయన ఆ గుండు తనే కాల్చేసి "ఖలాస్" అన్నాడు.

సాయంత్రం కఫీల్ ఇంటి నుంచే బోధన్‌కు ఫోన్ చేశాను. యూసుఫ్ భాయ్ భార్య ఎత్తింది. దవాఖాన నుంచి బట్టల కోసం అప్పుడే వచ్చిందట.

"నాలుగు దినాలాయె తమ్మీ, పక్షవాతం కొట్టింది. కుడిపక్క పోయింది, మాట పడిపోయింది" అని ఏడ్చింది. తర్వాత అంది, "ఇయ్యాల నాలుగు గంటల యాళ్లకు ఎడమ చెయ్యి ఒక్కతీరుగ మీదికీ కిందికీ ఆడిచ్చిండు. దేంట్లనో పుల్ల దింపినట్టు. ఇద్దరం పట్టుకున్నా ఆపలే. ఆడ గసొంటి పని ఏం చేస్తుండె తమ్మీ?"

అక్కడ నాలుగంటే బహ్రెయిన్‌లో ఒకటిన్నర. మేం అన్నం తింటున్న వేళ. తుపాకులు కడిగేవాడని మాత్రమే చెప్పాను. ఫోన్ పెట్టేసి చాలాసేపు ఏడ్చాను.

మరుసటి ఏడు సెలవులో బోధన్ వెళ్ళాను. యూసుఫ్ భాయ్ మంచం మీదే ఉన్నాడు, మాట రాలేదు. నన్ను గుర్తుపట్టి నవ్వాడు. ఆ శుక్రవారం సంగతి నేను వదినకు కూడా చెప్పలేదు, ఆయన దగ్గర ఇంకా ఎత్తనే లేదు.

ఆయన ఎడమ చేత్తో నా కుడిచెయ్యి దగ్గరికి లాక్కున్నాడు. బొటనవేలి నుంచి చిటికెనవేలి దాకా ఒక్కొక్క వేలే నొక్కి చూశాడు. ఐదూ చూశాక తలాడించి వదిలేశాడు. ఆయనకు ఎలా తెలిసిందో నాకు ఈరోజుకీ అంతుపట్టలేదు.