ఎవరూ కొనని ఎనిమిదులు

మంగళ, గురు, శనివారాల్లో తెల్లవారకముందే లేచేదాన్ని. ఫ్లాస్కులో కాఫీ పోసి, దుప్పటి మడిచి, మా ఆయన ఉమాకాంత్ గారి ఊలు టోపీ తలుపు దగ్గర పెట్టేదాన్ని. డయాలిసిస్ సెంటర్‌లో ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టేసరికి, ఈ పరదేశంలో మేముండే ఇర్వింగ్‌లో హైవే దీపాలు ఇంకా వెలుగుతూ ఉండేవి. మూడేళ్ళు అదే పని. ఆయన పోయాక కూడా ఆ వారాల్లో అదే వేళకి మెలకువ వస్తోంది. వెళ్ళాల్సిన చోటు మాత్రం లేదు. మా అమ్మాయి లేవకముందే కాఫీ గ్లాసులో పోసుకుని బాల్కనీలో కూర్చుంటున్నాను.

దూరంగా కార్ల చప్పుడు ఒకే ధారగా వస్తుంది. కళ్ళు మూసుకుంటే ఏరు పారుతున్నట్టు ఉంటుంది. గట్టు మీద తువ్వాలు భుజాన వేసుకుని ఆయన నడిచి పోతున్నట్టు, నా పిలుపు నీళ్ళ చప్పుడులో కలిసిపోతున్నట్టు అనిపిస్తుంది. అలాంటి మగతలోనే ఓరోజు శేషగిరి గారిని మొదటిసారి చూశాను. అది రెండు వేల పదో సంవత్సరం, నవంబరు. పార్కింగ్ మంచులో తెల్ల స్వెటరు వేసుకుని ఒక పెద్దాయన ఒక్కో కారు ముందు ఆగి, నంబరు పైకి చదువుకుని, తల ఊపి, పక్క కారు దగ్గరకు వెళ్తున్నారు. కలేమో అనుకుని కాఫీ చల్లారేదాకా కదల్లేదు.

తర్వాత తెలిసింది, ఆయన కింది వాటాలో ఉన్న తన కూతురి దగ్గర ఆరు నెలలు ఉండి పోదామని వచ్చారట. నరసరావుపేట డిపోలో ముప్పై ఒక్క ఏళ్ళు బస్సులెక్కి టికెట్లు తనిఖీ చేసిన ఉద్యోగం. రిటైరై పదేళ్ళయినా నంబరు కనపడితే చదవకుండా ఉండలేరు. ఇండియన్ షాపులో సామాను కొంటే తలుపు దగ్గరే నిలబడి బిల్లులో ఉన్నవన్నీ సంచిలో ఉన్నాయో లేదో చూస్తారు. అమ్మాయి కారులో కూర్చున్నా కిటికీ పైనున్న పిడి పట్టుకునే ఉంటారు, బస్సులో నిలబడ్డట్టు. మనవలు నవ్వితే ఆయనా నవ్వుతారు గానీ చెయ్యి దించరు.

మా ఎదుటింట్లో రాధారాణి ఉంటుంది. వరంగల్ అమ్మాయి. మా ఆయన జబ్బులో ఉన్నప్పుడు ఎన్నిసార్లు పప్పుచారు గిన్నె తెచ్చి ఇచ్చిందో లెక్కలేదు. వాళ్ళ ఊళ్ళో ధర్మాసుపత్రికి డయాలిసిస్ మెషిన్ కొనివ్వడానికి సంక్రాంతి లోపల లక్కీ డ్రా పెడతామంది. మొదటి బహుమతి హైదరాబాద్‌కి రాను పోను విమానం టికెట్. చీటీల మీద అన్నయ్య పేరు వేసుకుంటాం వదినా, అని అడిగితే సరేనన్నాను. ప్రింటయి వచ్చిన చీటీ మీద 'ఉమాకాంత్ గారి జ్ఞాపకార్థం' అని చూసుకుని చాలాసేపు దాని మీద వేలు పెట్టుకుని కూర్చున్నాను. నా వాటాగా నాలుగు పుస్తకాలు ఇచ్చింది, గుడిలో అమ్మిపెట్టమని.

గుడిలోనే ఒకావిడ నా మొహం మీదే అంది, ఇలాంటి డ్రాల్లో ఎప్పుడూ పెట్టినవాళ్ళ చుట్టాలకే తగులుతుందని. ఎవరికి తగిలితే నాకేం. కానీ ఆయన బతికినన్నాళ్ళు ఒకరి చేత మాట అనిపించుకోలేదు. పోయాక ఆయన పేరు మోసం మీద అచ్చయి ఊరంతా తిరిగితే నేనేం చెయ్యగలను? ఆ రాత్రి కలలో ఆయన డయాలిసిస్ కుర్చీలో పడుకుని ఉన్నారు. టోపీకి చీటీ పిన్ను చేసి ఉంది. దాని మీద నంబరు చదవబోతే మెలకువ వచ్చేసింది.

మర్నాడు పార్కింగ్‌లోకి దిగి శేషగిరి గారికి సంగతంతా చెప్పాను. ఆయన నన్ను అనుమానం మనిషి అనుకోలేదు. చూద్దామమ్మా, అన్నారు అంతే.

ముందు కాలింగ్ కార్డుతో ఆసుపత్రికి ఫోన్ చేశారు. డబ్బు సంగతి అడగలేదు. డయాలిసిస్ మంచాలెన్ని, ఇవాళ చివరి వంతు ఎవరిది, పాత మెషిన్ ఎన్నాళ్ళ నుంచి మూలన పడుంది అని నర్సుని అడిగారు. ఆ పిల్ల తడుముకోకుండా చెప్పింది. కొత్తది ఎప్పుడొస్తుందని పేషెంట్లు రోజూ అడుగుతున్నారు సార్, అందట. ఫోన్ పెట్టేసి, ఆసుపత్రి ఉందమ్మా, అన్నారు.

తర్వాత రాధారాణి దగ్గరున్న పుస్తకాలన్నీ, అమ్మినవాటి సంచీ అడిగి తెచ్చుకుని, నా నాలుగూ కలిపి మా డైనింగ్ టేబుల్ మీద పరిచారు. వెయ్యి చీటీలు, నలభై పుస్తకాలు. అమ్మిన చీటీ కొన్నవాళ్ళకి వెళ్ళిపోతుంది. పేరు రాసిన సగం డబ్బాలో వెయ్యడానికి సంచిలో ఉంటుంది. అమ్మనిది పుస్తకంలో ఉంటుంది. కానీ ప్రతి పుస్తకంలోనూ రెండో మూడో ఆకులు మొదలంటా చినిగి ఉన్నాయి. ఆ నంబర్లు సంచిలోనూ కనపడలేదు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"తొమ్మిదేసి నంబర్లకి ఒకటి పోయిందమ్మా. పొరపాటున చినిగినవి ఇలా వరస పెట్టి చినగవు. తెలిసి చింపినవే."

దాచిన చీటీలు డ్రా రోజు సొంతవాళ్ళ పేర్లతో డబ్బాలో పడతాయేమో అనుకున్నాను. సంచి పట్టుకుని ఆయనతో కలిసి ఎదుటింటికి వెళ్ళాను. రాధారాణి చపాతీ పిండి చేతులతోనే తలుపు తీసింది. ఎనిమిది ఏది, పదిహేడు ఏది, ఇరవై ఆరు ఏది అని శేషగిరి గారు అడుగుతుంటే మొదట నవ్వింది, తర్వాత నా మొహం చూసి నవ్వు ఆపేసింది.

"ఎనిమిది ఎవరు కొంటరు అంకుల్? పదిహేడు కూడితే ఎనిమిది, ఇరవై ఆరు కూడితే ఎనిమిది. పుస్తకం తెరవంగనే అది కనపడితే శని అని లేచిపోతున్నరు. అందుకే అన్నీ తీసి పక్కన పెట్టిన."

ఫ్రిజ్ మీది కుక్కర్ అట్టపెట్టెలోంచి ఒక జిప్‌లాక్ సంచి తెచ్చి ఆయన ముందు పెట్టింది. చీటీలు రెండు సగాలూ కలిసే ఉన్నాయి. శేషగిరి గారు ఒక్కో చీటీ తీసి నంబరు చూశారు. బస్సు టికెట్‌కి మంచీ చెడూ ఉండదు. ఎనిమిది తరవాత తొమ్మిది, అంతే. నంబరుని చూసి మనిషి భయపడతాడని ముప్పై ఒక్క ఏళ్ళలో ఆయనకి తట్టాల్సిన పని పడలేదు. అయినా కింద బాసింపట్టు వేసుకుని లెక్క మొదలుపెట్టారు.

"వెయ్యిలో కూడితే ఎనిమిది వచ్చేవి నూట పదకొండు ఉండాలి. ఇక్కడ నూట పది ఉన్నాయి. తొమ్మిది వందల పదిహేడు లేదు తల్లీ."

రాధారాణి లోపలికి వెళ్ళి నల్ల మార్కర్ తెచ్చి నా చేతిలో పెట్టింది.

"నా మీద నమ్మకం లేకుంటే అన్నయ్య పేరు మీరే కొట్టేయండి వదినా. మీ దగ్గరున్న పుస్తకాల్లో మీరు, నా దగ్గరున్నయి నేను. ఆ పేరు లేకుండనే అమ్ముకుంట."

మార్కర్ కొంగులో దోపుకుంటూ ఆమె చెయ్యి చూశాను. పప్పుచారు గిన్నె పట్టుకుని తలుపు కొట్టిన చెయ్యి అది. శేషగిరి గారు ఏ వైపూ మాట్లాడకుండా, ఆ అమ్మిన సగాల సంచి ఇంకోసారి పోయమ్మా, అన్నారు. కార్పెట్ మీద కుప్ప పోసి ఆయనా నేనూ వెతికాం. కిటికీలోంచి ఎండ పడి చీటీలన్నీ రాలిన ఆకుల్లా మెరుస్తున్నాయి. ఎన్ని పేర్లు, ఎన్ని చేతిరాతలు. పక్క ఊళ్ళ నుంచి ఫ్రిస్కో వాళ్ళు, ప్లేనో వాళ్ళు, ఎన్నడూ చూడనివాళ్ళు, అందరూ మా ఆయన పేరు ఇంటికి పట్టుకుపోయారు. అడుగున రెండు చీటీలు అతుక్కుని ఉన్నాయి. విడదీస్తే రెండోది తొమ్మిది వందల పదిహేడు. దాని మీద గుండ్రటి ఇంగ్లీషు అక్షరాల్లో మా అమ్మాయి పేరు, అలేఖ్య.

రాధారాణి మెల్లిగా చెప్పింది, అది తియ్యకముందే అమ్ముడుపోయిందని. ఈ నంబరు మంచిది కాదు బిడ్డా అంటే, "వై ఆంటీ? జస్ట్ నంబర్ కదా, నాకు ఇది ఇవ్వు" అందట మా పిల్ల.

శేషగిరి గారు లేచి మోకాళ్ళు దులుపుకున్నారు. తప్పు నాదేనమ్మా, అని రాధారాణికి చేతులు జోడించారు. ఆమె కంగారుగా ఆ చేతులు పట్టుకుని దింపింది, పిండి ఆయన స్వెటరుకి అంటింది. అయినా ఆయన ఒక మాట మాత్రం వదల్లేదు. డ్రా రోజు స్టేజీ మీద ఆ నూట పదీ అందరికీ చూపించి, ఇవి ఎవరూ కొనలేదు, డబ్బాలో లేవు అని చెప్పాకే మొదటి చీటీ తియ్యాలన్నారు. అంకులే వచ్చి చూపించాలని రాధారాణి పంతం పట్టింది. ఆయన సంతోషం దాచుకోలేకపోయారు. ఆ రోజుకి కళ్ళజోడుకి కొత్త తాడు వేయించుకుంటానన్నారు.

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. క్షమించమని నోటితో అడగడం నాకు రాదు. ఆమె కూడా అడగనివ్వలేదు, చపాతీలు తినిపోండి అంది.

ఇంటికి వచ్చేసరికి పొద్దు వాలింది. నా నాలుగు పుస్తకాలూ టేబుల్ మీద ఉన్నాయి. మార్కర్ నా కొంగులోనే ఉండిపోయింది. అలేఖ్య ఆఫీస్ నుంచి వస్తూ ఎదుటింట్లో సంగతంతా విని వచ్చి, ఈ పేరు బ్లాక్ చేయాలటగా అమ్మా, హెల్ప్ చేయనా, అని అడిగింది. వద్దన్నాను. మార్కర్ మూత తియ్యకుండానే పుస్తకాల పక్కన పెట్టి, దాని స్నేహితురాళ్ళకి ఒక పుస్తకం పట్టుకెళ్ళమని చెప్పాను.