నాలుగు మాటలకో అండి

సరదా కోసమే ఎవరో తయారుచేసిన ఒక వింత ప్రోగ్రామింగ్ భాషను ఈ వారమే నేర్చుకోవడం మొదలుపెట్టాను. అందులో కంప్యూటర్‌ని మర్యాదగా అడగాలి. ఈ రోజు మధ్యాహ్నం నా మొదటి ప్రోగ్రాం రాస్తే, "ప్లీజ్"లు చాలలేదని తిప్పికొట్టింది. ఉక్రోషంతో ప్రతి లైన్లోనూ ప్లీజ్ పెట్టాను. మరీ కాకా పడుతున్నానని మళ్లీ తిప్పికొట్టింది.

పక్కనే పేపరు చదువుతున్న నాన్నతో మొరపెట్టుకున్నాను. ఆయన పాలకొల్లు బస్సుల్లో ముప్పై ఏళ్లు కండక్టరుగా చేశారు.

"నాలుగు మాటలకి ఒక్క అండి చాలమ్మా. అసలు అనకపోతే జనం గొడవకొస్తారు. అన్నిటికీ అండి అంటే, వీడేం చేస్తాడులే అని ఒక్కరూ ముందుకి జరగరు" అన్నారు.

నమ్మకం లేకపోయినా, నాలుగు లైన్లకో ప్లీజ్ ఉంచి మిగతావి తీసేశాను. వెంటనే నడిచింది! కుర్చీలోంచి ఎగిరి గంతేశాను.

"ఏమందమ్మా?" అని నాన్న ఆత్రంగా వంగి చూశారు.

"హలో అంది నాన్నా."

ఆయన ముఖం చిన్నబోయింది. "మనచేత ఇంత బతిమాలించుకుని, అది మాత్రం హలో అండీ అనలేదేంటి?"

దాని తరఫున నేనే క్షమాపణ చెప్పాను. మీరైతే ఏం చెప్పేవారు?