మీట మీది వేలు

వీధి మలుపులో, మెట్ల కింద గదిలో ఆయన ఫొటో స్టూడియో. చుట్టుపక్కల వాళ్లంతా ఆయన్ని 'కదలకండిగారు' అనేవాళ్లు. రోజు మొత్తం మీద ఆయన నోటి నుంచి ఊడిపడే మాట అదొక్కటే మరి. మిగతా మాటలన్నీ భార్యవి. కెమెరా పక్కన స్టూలు వేసుక్కూర్చుని, బిగుసుకుపోయిన పెద్దమనిషినైనా, ఏడుపు మొహం పెట్టిన పసిదాన్నైనా ఏదో ఒకటి అని నవ్వించేది. ఆ మొహం విచ్చుకోగానే ఆయన వేలు మీట నొక్కేది. ఆ వేలికి బుర్రతో పనిలేదు, కళ్లు చాలు. ఫొటో చూసి జనం ఆయన్ని మెచ్చుకునేవాళ్లు. "నా నోరు లేకపోతే ఈయన పాస్‌పోర్టు ఫొటోలకి తప్ప పనికిరారు" అని ఆవిడ వాళ్ల ముందే అనేసేది. నిజం చెప్పుకోవాలంటే, అంతే.

ఆ నోటికే ముప్పొచ్చింది. కొన్నాళ్లుగా గొంతు బొంగురుపోతుంటే జలుబనుకున్నారు. డాక్టరు చూసి, పుండు లోపల పాకుతోందనీ, మనిషి దక్కాలంటే గొంతు తీసెయ్యాలనీ చెప్పాడు. ఆపరేషన్ వచ్చే వారమే. ముందు తేరుకున్నది ఆవిడే.

"మాట పోయేలోగా నన్ను వీడియో తీయండి. ఫోన్లో గరగరమంటూ కాదు, టీవీలో వాళ్లలా శుభ్రంగా రావాలి. మీరే తీయాలి. పరాయివాళ్ల ముందు నాకు నోరు పెగలదు" అంది.

పచ్చి అబద్ధం. పరాయివాళ్లతో మాట్లాడే ఆవిడ ఇన్నేళ్లూ ఇల్లు నడిపింది. కానీ ఆయన కాదనలేదు. ఆ గొంతు ఇంట్లో ఉండిపోవాలని ఆయనకీ ఉంది, ఆవిడకంటే ఎక్కువే ఉంది.

చిక్కల్లా ఒకటే, ఆయన జన్మలో వీడియో తీసిన పాపాన పోలేదు. పెళ్లి వీడియోలు తీసే అక్క కొడుకుని పిలిపించాడు. అతను కెమెరా, స్టాండు, రెండు దీపాలు, చీర అంచుకి తగిలించే బుల్లి మైకు పట్టుకొచ్చి, మేనమామని ఎదురుగా కూర్చోబెట్టుకుని పాఠం మొదలుపెట్టాడు.

"వెలుగు మొహానికి ఎదురుగా వద్దు మావయ్యా, పక్క నుంచి రావాలి. ఫ్యాను ఆపెయ్, మైకులో హోరు వినిపిస్తుంది. ఈ హెడ్‌ఫోన్ చెవులకి పెట్టుకో. ఈ మీట ఒకసారి నొక్కితే మొదలు, ఇంకోసారి నొక్కితే ఆఖరు. మధ్యలో దాని జోలికెళ్లకు."

"ఆమాత్రం తెలీదూ?" అన్నాడాయన. వెలుగు సంగతి నిజంగానే అతనికంటే ఆయనకే బాగా తెలుసు. ఆ ధీమాయే కొంప ముంచింది.

మేనల్లుడు పెళ్లి పనిమీద వెళ్లిపోయాడు. మర్నాడు ఆయన స్టూడియో తలుపు మూసి, ఆవిడని కిటికీ పక్కన కూర్చోబెట్టాడు. హెడ్‌ఫోన్ కళ్లజోడు కాడల్ని నొక్కేస్తోందని మెడలోకి జార్చుకున్నాడు. మీట నొక్కాడు. దీపం జరిపాడు, మళ్లీ జరిపాడు. ఆవిడ బుద్ధిగా కూర్చుంది. అంతా కుదిరాక, ఊఁ అన్నాడు.

ఇక ఆవిడ మొదలుపెట్టింది. ఆ బొంగురు గొంతుతోనే తల్లి సంగతులు, పెళ్లి కొత్తలో కాపురం, స్టూడియోకొచ్చిన వింత మనుషులు, తలుచుకుని తలుచుకుని చెప్పింది. నొప్పెడితే ఆగింది, నీళ్లు తాగి మళ్లీ చెప్పింది. వారమంతా రోజూ అదే వరస. ఆయన కళ్లప్పగించి చూశాడు. ఇన్నేళ్లూ కెమెరాకి ఇవతల కూర్చున్న మొహం అవతల ఇంత బాగుంటుందని ఆయనకి తెలియనే తెలియదు.

ఆవిడని ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్లాక, బయట బెంచీ మీద మేనల్లుడు కెమెరా తెరిచి చూశాడు. ఒకటి చూశాడు, ఇంకొకటి చూశాడు. అతని మొహంలో రంగు మారింది.

"మావయ్యా, అత్తయ్య మాట్లాడుతున్నప్పుడు మీటగానీ నొక్కావా?"

"లేదే."

నొక్కాడు. ఆయనకి తెలియకుండానే నొక్కాడు. ఆవిడ నోరు విప్పి మొహం వెలగ్గానే, ఏళ్లుగా మరిగిన వేలు తన పని తాను చేసుకుపోయింది. అక్కడితో వీడియో ఆగిపోయింది. ఆవిడ చెప్పడమంతా అయ్యాక, ఆపుతున్నాననుకుని మళ్లీ నొక్కాడు. అప్పుడు మొదలై, కెమెరా కట్టేసేదాకా నడిచింది. రోజూ అదే తంతు. వీడియో నడుస్తున్నంతసేపూ తెర మూల వెలిగే ఎర్ర చుక్క ఆరిపోవడం ఆయన కంట పడనే లేదు. ఆ కళ్లు ఆవిడ మొహం దాటి వస్తేగా.

మొదటి నుంచీ చివరిదాకా చూశారు. ఆవిడ కూర్చుని ఉంది, కొంగు సర్దుకుంది, గ్లాసు కింద పెట్టింది. వెలుగు చక్కగా పడింది, ధ్వని గాజులా శుభ్రంగా వచ్చింది. అందులో వినిపించే గొంతు ఆయనది. "ఉండు, కదలకు. ఒక్క క్షణం మాట్లాడకు." ఆవిడ నోరు తెరిచేసరికి బొమ్మ తెగిపోతోంది.

ఆయన లేచి, మూసి ఉన్న ఆ తలుపు దాకా వెళ్లాడు. ఎవర్ని ఆపమంటాడు? ఏమని ఆపమంటాడు? నిలబడి, నిలబడి వెనక్కొచ్చి కూర్చున్నాడు. ఏడుపైనా రాలేదు.

ఆవిడకి బాగా తెలివొచ్చాక మంచం దగ్గరికి రానిచ్చారు. మెడకి కట్టు, అందులోంచి గొట్టం. ఆయన్ని చూసి కళ్లతో నవ్వింది. రెండు చేతులతో కెమెరా పట్టుకున్నట్టు చూపించి, తన చెవి ముట్టుకుంది.

"నీ గొంతు రాలేదే. నేనే పాడుచేశాను" అన్నాడు.

ఆవిడ చాలాసేపు పైకప్పు కేసి చూసింది. కన్ను పక్కగా జారిన తడిని ఆయన తుడవబోతే చెయ్యి తోసేసింది. తర్వాత ఏమనుకుందో ఏమో, ఆ చెయ్యే పట్టుకుని, తన పెదవులు చూపించి, ఆయన పెదవుల మీద వేలు ఆనించింది. పోనీ, నేను చెప్పినవన్నీ మీరు చెప్పండి, అని.

ఆయన నోరు తెరిచాడు. తల్లి గురించి ఏదో చెప్పింది. ఏం చెప్పింది? అప్పుడు ఎడమ కంటి కింద పడిన ముడత గుర్తుంది. కిటికీ వెలుగు ముక్కు పక్కనుంచి జారి చెంప మీద ఆగడం గుర్తుంది. మాట ఒక్కటీ గుర్తులేదు. వారమంతా చూశాడే గానీ, విన్నది లేదు.

"అప్పుడు నీ మొహం ఎంత బాగుందో…" అన్నాడు.

ఆవిడ తల అడ్డంగా ఊపి, మళ్లీ చెవి చూపించింది.