మైకు కరిచిన సాయంత్రం

కోవిడ్‌కు రెండేళ్ల ముందు నేను శ్రీకాకుళంలో డిప్యూటీ ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరుగా చేరాను. కరెంటు సరఫరా చేసే సంస్థ వేరు, మా శాఖ వేరు. ఈ తేడా మా బంధువుల్లో చాలామందికి నేను రిటైరయ్యే దాకా అర్థం కాలేదు. స్తంభాలు వేయడం, బిల్లులు వసూలు చేయడం మా పని కాదు. సినిమా హాలు, ఆసుపత్రి లిఫ్టు, రైసు మిల్లు, జాతరలో జెయింట్ వీలు లాంటివి పరీక్షించి, వీటి వల్ల విద్యుత్ ప్రమాదం లేదని సంతకం పెట్టడం మా పని.

ఆ డిసెంబరులో నరసన్నపేట దాటాక హైవే పక్కనున్న ఒక ప్రైవేటు ఇంజనీరింగు కాలేజీ నుంచి దరఖాస్తు వచ్చింది. వార్షికోత్సవానికి హైదరాబాదు నుంచి ఒక రాక్ బ్యాండు వస్తోంది. దానికి ముందు స్థానిక బృందాలు రెండు ప్రదర్శన ఇస్తాయి. మొదట తప్పెటగుళ్లు, తర్వాత కోటబొమ్మాళి వైపు నుంచి చర్చి యువకుల బ్యాండు. వేదికకు, లైట్లకు, సౌండుకు అద్దె జనరేటరు పెడుతున్నారు. ఇలాంటి తాత్కాలిక ఏర్పాటును స్వయంగా వెళ్లి చూడకుండా అనుమతించకూడదు.

ఉదయం వెళ్లి చూశాను. కోతలయిన మడి పక్క నేల, పైన ఎండి గట్టిపడి ఉంది. జనరేటరుకు ఎర్త్ కడ్డీలు పైపైన గుచ్చారు. ఎర్త్ అంటే, యంత్రం ఒంట్లోకి దారితప్పి వచ్చిన కరెంటు మనిషి గుండా కాకుండా నేలలోకి పోవడానికి వేసే దారి. కడ్డీలు లోతుగా దింపి నీళ్లు పోయమన్నాను. ప్యానెల్ బోర్డులో ఇ.ఎల్.సి.బి. పెట్టమన్నాను. ఎక్కడైనా కరెంటు లీకయితే రెప్పపాటులో సరఫరా తెంపేసే స్విచ్చి అది. ఇవన్నీ రాసిచ్చి, సాయంత్రం వచ్చి చూశాకే సంతకం పెడతానని చెప్పాను.

సాయంత్రం తిరిగి వెళ్లేసరికి కడ్డీలు దిగాయి, ఎర్త్ టెస్టరులో అంకె బాగా వచ్చింది. బోర్డులో ఇ.ఎల్.సి.బి. కనబడుతోంది. మైదానం అప్పటికే సగం నిండింది. వేదిక మీద చర్చి బ్యాండు సౌండు సరిచూసుకుంటోంది. వాళ్ల గాయని పేరు ఎస్తేరు, ఆమదాలవలసలో టీచరు. మెడలో ఎలక్ట్రిక్ గిటారు వేసుకుని తనే వాయిస్తూ పాడుతుంది. రెండు లైన్లు పాడి ఆగింది. మళ్లీ పాడి మళ్లీ ఆగి, మూతి తుడుచుకుంది. హైదరాబాదు బ్యాండు మేనేజరు కింద నుంచి, భయపడకుండా మైకుకు దగ్గరగా పాడమన్నాడు. పెద్ద వేదిక కొత్త కదా అని పక్కవాళ్లతో అన్నాడు.

నేను మెట్లెక్కి ఏమైందని అడిగాను.

"మైకు కరుస్తన్నాది మేడం," అంది ఎస్తేరు. "మూతి తగిల్తే సాలు, సురుక్కుమంతన్నాది. మా చర్చిలో ఎప్పుడూ ఇలాగవలేదు."

మీటరు తీసి ఒక తీగను గిటారు తంత్రికి, ఇంకొకదాన్ని మైకు జాలీకి ఆనించాను. నూరు వోల్టులు దాటి చూపించింది. ఆమె చేతులు తంత్రుల మీదుంటాయి, పెదవులు మైకుకు తగులుతాయి. ఆ రెండింటి మధ్య ఉన్నది ఆమె గుండె. పాడేకొద్దీ చెమట పడుతుంది, తడి ఒంట్లోంచి కరెంటు ఇంకా సులువుగా పోతుంది. గిటారు దింపించి, సరఫరా ఆపించాను.

ఇ.ఎల్.సి.బి. ఎందుకు పడలేదన్నది మొదటి ప్రశ్న. బోర్డు తలుపు తీయించి చూస్తే, స్విచ్చి స్థానంలో స్విచ్చి ఉంది గాని, దాని వెనక ఒక తీగ కరెంటును నేరుగా అవతలకి దాటించేస్తోంది. జనరేటరు తెచ్చిన ఎలక్ట్రీషియను అప్పలరాజు దాచలేదు.

"లైట్లేస్తే సాలు, కొట్టీస్తన్నాది మేడం," అన్నాడు. "పోగ్రాం మద్దెలో ఆగిపోతే నామీద పడిపోతారని డైరెక్టు సేసీసినాను."

రెండో ప్రశ్న, వోల్టేజి ఎక్కణ్ణుంచి వస్తోందని. ఎస్తేరు గిటారు తీగ పెద్ద బ్యాండు వాళ్ల యాంప్లిఫయరుకు తగిలించి ఉంది. చివర ఎక్కే బ్యాండు సామానే ముందరి బృందాలు వాడుకోవడం అలాంటి కచేరీల్లో మామూలట. ఆ యాంప్లిఫయరు ప్లగ్గు లాగి చూశాను. మూడు పిన్నుల్లో పెద్దది, ఎర్త్ పిన్ను, మొదలంటా కోసేసి ఉంది.

అది హైదరాబాదు బ్యాండు నాయకుడు కార్తీక్‌ది. పాత వాల్వుల యాంప్లిఫయరు. ఎర్త్ తగిలిస్తే గుయ్‌మని రొద వస్తోందని చాలాకాలం కిందటే పిన్ను తీయించాడట. లోపల ఇన్సులేషన్ దెబ్బతిని పెట్టె ఒంటికి కరెంటు ఎక్కుతున్నట్టు తెలిసే దారి ఆ పిన్నుతోనే పోయింది. ఆ కరెంటే తీగ గుండా గిటారు తంత్రులకెక్కింది, మైకు మాత్రం ఎర్త్‌కు కలిసి ఉంది.

ఇక ఒత్తిడి మొదలైంది. కాలేజీ సెక్రటరీగారు మర్యాదస్తుడే గాని, ముఖ్య అతిథి బయలుదేరారని, ఇన్ని వేలమంది పిల్లలు గొడవ చేస్తే ఎవరు చూసుకుంటారని పదేపదే అన్నారు. ఈ ఒక్క పూటకు షరతులతో సంతకం పెట్టమని అడిగారు. ప్రాణానికి సంబంధించిన లోపం మీద షరతులతో అనుమతి ఇచ్చే అధికారం నాకే కాదు, మా పైవాళ్లకూ లేదని చెప్పాను. కుర్చీ తెప్పించుకుని ప్యానెల్ బోర్డు ముందే కూర్చున్నాను.

జనంలో ఈలలు పెరుగుతున్నాయి. తప్పెటగుళ్ల గురువు సింహాచలం గజ్జెలు కట్టుకుని మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. సంగతి తెలుసుకుని నా దగ్గరికొచ్చాడు.

"మాకు కరెంటెందుకమ్మా?" అన్నాడు. "జనం సుట్టూ నిలబడితే మాకదే టేజీ. మీ పని మీరు సూసుకోండి."

బృందాన్ని తీసుకుని మైదానం మధ్యకు నడిచాడు. గుండెల మీద కట్టుకున్న తప్పెటలు ఒక్కసారిగా మోగాయి. పిల్లలు వలయంగా విడిపోయి చోటిచ్చారు. ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి వాయించడం మొదలుపెట్టేసరికి ఈలలు వేరే రకంగా మారాయి. మైకు లేకుండానే ఆ దరువు హైవే దాకా వినిపించి ఉంటుంది.

ఈలోపు అప్పలరాజు చేత లైట్లను వేరే సర్క్యూట్‌కు మార్పించి, దానికి వేరే ఇ.ఎల్.సి.బి. పెట్టించాను. అడ్డదారి తీగ తీయించాను. కార్తీక్ వచ్చాడు. ఆ యాంప్లిఫయరు లేకపోతే తన వాయిద్యం తనది కాదని, దానితో ఎన్నో ఊళ్లలో వాయించానని వాదించాడు. వాదన వినడం నా పనిలో భాగమే కాబట్టి పూర్తిగా విన్నాను. తర్వాత అతని కళ్లముందే కొత్త ప్లగ్గు వేయించి స్విచ్చి వేయించాను. ఇ.ఎల్.సి.బి. టక్కున పడిపోయింది. మళ్లీ వేయించాను. మళ్లీ పడింది.

 అతను మెల్లగా, "నాకూ అప్పుడప్పుడూ చురుక్కుమనేది మేడం. గిటారిస్టులకు అలవాటే అనుకున్నాను," అన్నాడు. ప్లగ్గు తనే లాగేసి, యాంప్లిఫయరును తనే మోసుకెళ్లి వ్యానులో పెట్టాడు.

ఎస్తేరు వాళ్ల చర్చి యాంప్లిఫయరు ఆటోలోనే ఉంది. కూరల బుట్టంత పెట్టె. దాని ముందు మైకు పెడితే పెద్ద స్పీకర్లలో సరిపోతుందని సౌండు అబ్బాయిలు అన్నారు. తగిలించాక ఇ.ఎల్.సి.బి. నిలబడింది. తంత్రికీ మైకుకీ మధ్య మీటరు సున్నా చూపించింది. అయినా ఎస్తేరు మైకుకు జానెడు దూరంలోనే ఆగిపోయింది. తప్పు పట్టడానికి లేదు. అంకె చూపించి ధైర్యం తెచ్చుకోమంటే సరిపోదు. నేను ఒక చేత్తో ఆమె గిటారు తంత్రులన్నీ కలిపి పట్టుకుని, రెండో చేత్తో మైకును గట్టిగా పట్టుకున్నాను. జనం దీన్ని కూడా ప్రదర్శనలో భాగమనుకుని చప్పట్లు కొట్టారు.

"ఇంక పాడతాను మేడం," అంది ఎస్తేరు, నవ్వి.

సంతకం పెట్టాక వెళ్లిపోవచ్చు. వేదిక మీదే ఓ పక్కన ఉండిపోయాను. చర్చి బ్యాండు పాడిన పాటల్లో ఒకటి వాళ్లే కట్టుకున్నది, ఆమదాలవలసలో రైలు దిగి కాలేజీకి పరిగెత్తే పిల్లల మీద. పిల్లలు దాన్ని మళ్లీ పాడించారు. తర్వాత కార్తీక్ బృందం ఎక్కింది. అతనూ ఎస్తేరు వాళ్ల చిన్న పెట్టెకే గిటారు తగిలించుకున్నాడు. రాక్ సంగీతం ప్రత్యక్షంగా వినడం నాకదే మొదలు. మొదటి దెబ్బ చెవికి కాదు, పక్కటెముకలకు తగిలింది. కాళ్ల కింద చెక్కలు అదిరాయి. రొద అనుకున్న దానిలో కొంతసేపటికి లెక్క వినిపించింది. డ్రమ్ములు వేసిన గీత మీద మిగతా వాయిద్యాలు నడుస్తున్నాయి, గొంతు మాత్రం దాన్ని దాటి వెళ్లి తిరిగొస్తోంది. కార్తీక్ కళ్లు మూసుకుని, పెదవులు మైకుకు ఆనించి పాడాడు. చివరి పాటకు ఎస్తేరునూ సింహాచలం బృందాన్నీ వేదిక మీదికి పిలిచాడు. సౌండు బాగుందని నాకు అనిపించింది. ఆ చిన్న పెట్టెతో సంతృప్తి కలగలేదని అతను తర్వాత నాతో నిజాయితీగానే చెప్పాడు.

పిన్ను కోసినవాడు రొద పోవాలనుకున్నాడు. తీగ వేసినవాడు కార్యక్రమం ఆగకూడదనుకున్నాడు. ఇద్దరూ ఒకరికొకరు తెలియరు. వాళ్లు విడివిడిగా చేసుకున్న సౌకర్యాలు ఎస్తేరు నిలబడ్డ చోట కలిశాయి. మా శాఖ పద్ధతి ప్రకారం తనిఖీ జనరేటరు దగ్గర మొదలై, బోర్డు మీదుగా, వేదిక దగ్గర ముగుస్తుంది. ఆ ఏడాది నుంచి నేను దాన్ని తిరగేశాను. మైకు పట్టుకునే మనిషి ఎక్కడ నిలబడతారో ముందు అక్కడికి వెళ్లి, చేతికి ఏం తగులుతుందో, మూతికి ఏం తగులుతుందో చూసి, అక్కణ్ణుంచి వెనక్కి జనరేటరు దాకా వచ్చేదాన్ని. సమయం ఎక్కువేమీ పట్టలేదు.