సత్తయ్య రాసిన వైపని పేజీ

2017లో కోరుట్ల బస్టాండు ఎదుట, మందుల దుకాణం మీది గదిలో నేను వెబ్‌సైట్లు చేసేవాణ్ణి. సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, ఆగిపోయి జనం సాంచాల పని కోసం మహారాష్ట్రలోని భివండికి బస్సెక్కుతున్న రోజులు. ఒకనాడు సిరిసిల్ల పక్కనున్న తంగళ్ళపల్లి నుంచి సత్తయ్య, ఆయన భార్య లచ్చవ్వ వచ్చారు. వాళ్ళు రెండు సాంచాల మీద నేసే నూలు తువ్వాళ్ళకు నేనే సైటు చేశాను. వెతికితే అది ఎక్కడా కనబడడం లేదు.

"దసరా దాక చూస్త సారూ. ఆర్డర్లు రాకుంటే సాంచాలు తుక్కుకిచ్చి భివండి పోతం," అన్నాడు సత్తయ్య.

"నువ్వు పో. గాడ ఒక్క రూముల పది మందితోని నేనుండ," అంది లచ్చవ్వ.

బ్యాక్‌లింక్ అంటే వేరే సైటు తన పేజీలోంచి మన పేజీకి ఇచ్చే దారి. నమ్మకమున్న సైట్లు అలా దారి చూపితే సెర్చ్ ఇంజన్ మనల్ని పైకి తెస్తుంది. వాటిని సంపాదించడానికి నెలలు పడుతుంది. నేను ఆగలేదు. జూదం సైట్ల నుంచి వందల లింకులు కొన్నాను. రెండు వారాల్లో, వెతికితే మొదటి పేజీలోనే కనబడ్డాం. నెల తిరక్కముందే సెర్చ్ ఇంజన్ ఆ మోసాన్ని పసిగట్టి సైటును మాయం చేసింది.

"సెర్చ్ ఇంజనోళ్ళు రూల్స్ మార్చిండ్రు సత్తన్నా," అని అబద్ధమాడాను.

మనసొప్పక ఒక ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాను. సత్తయ్య వైపని చేస్తున్నాడు. సాంచ మీద బీముకు చుట్టిన నూలు అయిపోతే, కొత్త బీము పోగులను పాత పోగులకు ఒక్కొక్కటే చేత్తో అతికే పని అది.

"నాలుగైదు కలిపి ఒకటే ముడెయ్యరాదా?" అన్నాను.

"ఎయ్యొచ్చు. సాంచ గూడ నడుస్తది. జరంత నేసినంక తెగుతది. గప్పుడు ఎవడు కట్టిండో అందరికీ తెలుస్తది."

"పెండ్లినాడు గూడ ఈయన ముడులే సూసుకుంట కూసున్నడు, నా మొకం సూడలే," అని నవ్వింది లచ్చవ్వ.

నేను నవ్వలేకపోయాను. చేసిందంతా చెప్పేశాను. సత్తయ్య చేతిలో ఉన్న పోగును అతికాడు.

"మరైతే గవన్నీ తెంపుండ్రి. దసరాకు ఇంక నెలన్నరుంది," అన్నాడు.

కొన్న లింకులను లెక్కలోకి తీసుకోవద్దని సెర్చ్ ఇంజనుకు జాబితా పంపాను. ఈ పనిని డిజవౌ అంటారు. సత్తయ్య వైపని గురించి నోటుబుక్కులో ఎనిమిది పేజీలు రాసిచ్చాడు. దాన్ని ఫోటోలతో సైటులో పెట్టి, బట్టల గురించి రాసేవాళ్ళకు, నేత పాఠాలు చెప్పేవాళ్ళకు ఒక్కొక్కరికీ విడిగా ఉత్తరం రాశాను. ముందుగా ఒక టెక్స్‌టైల్ కాలేజీ తన పాఠం పేజీలో మాకు లింకు ఇచ్చింది. తర్వాత భివండిలోని తెలుగు నేతవాళ్ళ సంఘం ఇచ్చింది.

దసరాకు మొదటి పేజీ రాలేదు. కానీ ఆ కాలేజీ పాఠం చదివిన ఒక హాస్టల్ వార్డెన్ సద్దుల బతుకమ్మ ముందురోజు, దసరా ఇంకా మూడు రోజులుందనగా, ఫోన్ చేసి హాస్టలంతటికీ తువ్వాళ్ళు అడిగాడు. సాంచాలు అమ్మలేదు. ఎండాకాలానికి మొదటి పేజీకొచ్చాం. ఈసారి జారలేదు.

ఆ ఏడాది నేతవాళ్ళ సభలో నాకు శాలువా కప్పారు. నా తెలివి గురించి అరగంట మాట్లాడాను. సత్తయ్య పేరెత్తలేదు. వెనక వరుసలో కూర్చుని ఆయనే అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టాడు.

నా వృత్తిలో నేను గర్వపడే పని ఇప్పటికీ అదే. పని తెలిసినవాడు తన పని గురించి నిజంగా రాస్తే, లింకులు కొనుక్కోనక్కర్లేదని అక్కడే నేర్చుకున్నాను. మొన్న ఆ పేజీ కింద "రాసినది: సత్తయ్య, వైపని కార్మికుడు" అని చేర్చి, సత్తయ్యకు చెప్పమని లచ్చవ్వకు ఫోన్ చేశాను.

"ఒక్క పేరు రాయనీకి ఇన్నేండ్లు వట్టిందా సారూ?" అంది.