మనవాళ్ళ చేతిలో బంతి ఉన్నప్పుడు

మా ఇంట్లో ఇరవై ఏళ్ళుగా చెలామణీ అవుతున్న ఒక మాట అబద్ధమని ముందే చెప్పేస్తాను. కాలేజీ ఫుట్‌బాల్ వీడియో గేమ్‌లో స్టేడియం జనం అరుస్తుంటే బయటినుంచి వచ్చిన జట్టు తికమకపడే ఏర్పాటును మొట్టమొదట చేసింది నేనని మా ఆవిడ నమ్మింది, మా అమ్మాయి నమ్మింది, ఇక్కడ అమెరికాలో, కాపెల్ ఊళ్ళో మా ఇంటికి భోజనానికి వచ్చే స్నేహితుల్లో సగంమంది నమ్మారు. చేసింది నేను కాదు. వేరొకాయన చేస్తే, దాన్ని పాడుచేసింది నేను. పాడుచేశానని చెప్పవలసిన రోజున నోరు మూసుకుని కూర్చున్నదీ నేనే.

మొన్న థాంక్స్‌గివింగ్ సెలవులకు మా అమ్మాయి యూనివర్సిటీ నుంచి వచ్చింది. వచ్చిన మర్నాడు హాల్లో టీవీ ముందు బాసింపట్టు వేసుకుని ఈ ఏడాది కొత్తగా వచ్చిన కాలేజీ ఫుట్‌బాల్ గేమ్ ఆడుతూ, అందులో ఏమేం మారాయో నాకు ఒక్కొక్కటే చూపించసాగింది. మొదటి పావుభాగంలో మోకాలికి దెబ్బ తగిలినవాడు ఆట చివరిదాకా కుంటుతూనే ఉంటాడట. కోచ్ సరిగ్గా చూసుకోకపోతే ఆటగాడు మూట కట్టుకుని ఇంకో కాలేజీకి వెళ్ళిపోతాడట. వర్షం పడితే బంతి చేతిలోంచి జారుతుందట. అన్నిటికంటే ఆటగాళ్ళందరికీ వాళ్ళ వాళ్ళ సొంత పేర్లే ఉండటం నాకు వింతగా తోచింది. మా రోజుల్లో ఆ ఆటలో ఎవరికీ పేరుండేది కాదు, చొక్కా మీద అంకె ఒక్కటే.

అంతలో ఆమె వాళ్ళ యూనివర్సిటీ మైదానం తెరిచింది. బంతి వాళ్ళ క్వార్టర్‌బ్యాక్ చేతిలో ఉన్నంతసేపూ, అంటే బంతి అందుకుని ఎవరికి విసరాలో తేల్చేవాడి చేతిలో ఉన్నంతసేపూ, వేలమంది జనం సద్దుమణిగి చూశారు. బంతి అవతలివాళ్ళకు దక్కగానే ఒక్కసారిగా హోరు లేచింది. ఎవరు ఎటు పరిగెత్తాలో ఆటలో చూపించే రంగు గీతలు వణికి, అలుక్కుపోయాయి. మా అమ్మాయి నా వైపు తిరిగి నవ్వింది.

"ఇదే కదా డాడీ, మీరు ఫస్ట్ టైమ్ చేసింది? వాళ్ళేమో న్యూ ఫీచర్ అంటున్నారు. నా ఫ్రెండ్స్‌కి చెప్పాను, మా డాడీ ఎప్పుడో చేశాడని."

అవునని తల ఊపడం నాకు అలవాటైన పనే. ఆ రోజు ఎందుకో మెడ కదలలేదు.

అప్పట్లో నేను ప్లేనోలో ఒక చిన్న గేమ్ స్టూడియోలో పనిచేసేవాణ్ణి. ఆ స్టూడియో ఇప్పుడు లేదు, అది తయారుచేసిన ఆటా ఇప్పుడు రావడం లేదు. నాకంటే పదేళ్ళు పెద్దవాడైన ఒకాయన, కరీంనగర్ వైపు మనిషి, ఒక కన్సల్టింగ్ కంపెనీ తరఫున మా దగ్గర కాంట్రాక్టు మీద చేరారు. పేరు రాయవద్దని ఆయనే అన్నారు కనుక ఇక్కడ కూడా నేను పిలిచినట్టే అన్న అంటాను. నాది తెనాలి. నా మాట ఆయనకూ, ఆయన మాట నాకూ మొదట నవ్వు తెప్పించేవి. రెండు నెలలు తిరిగేసరికి నేను వాళ్ళింట్లో మనిషినయ్యాను. వదిన శనివారాలు సర్వపిండి చేస్తే నా వాటా విడిగా అల్యూమినియం కాగితంలో చుట్టి ఆఫీసుకు వచ్చేది.

మా ఇద్దరికీ అమెరికన్ ఫుట్‌బాల్ అంటే ఏమీ తెలియదు. ఆ మాటకొస్తే వచ్చిన కొత్తలో దాన్ని ఫుట్‌బాల్ అని ఎందుకంటారో కూడా మాకు అర్థం కాలేదు, కాలితో తన్నేది ఎప్పుడో ఒకసారి. నేను తెలిసినట్టు నటిస్తూ నెట్టుకొచ్చాను. అన్న అలా కాదు. తెలియని ఆటకు ప్రోగ్రాము ఎలా రాస్తామని ఒక శనివారం నన్ను కారులో వెంటబెట్టుకుని మ్యాచ్‌కి వెళ్ళారు. చుట్టూ జనం కార్ల వెనక మాంసం కాల్చుకుంటుంటే మేము మా కారు డిక్కీలో కూర్చుని వదిన కట్టిచ్చిన పులిహోర తిన్నాం. లోపలికి వెళ్ళాక, సొంత జట్టు క్వార్టర్‌బ్యాక్ బంతి అందుకోబోతుండగా అన్న మాంచి ఉత్సాహంగా రెండు వేళ్ళు నోట్లో పెట్టి ఈల వేశారు. ముందు వరసలో కూర్చున్న ఒక ముసలావిడ వెనక్కి తిరిగి, కోప్పడకుండానే, పెదాల మీద వేలు పెట్టి చూపించింది. మనవాళ్ళు ఆడేటప్పుడు మనం మాట్లాడకూడదు బాబూ, ఆ అబ్బాయి చెప్పేది తోటివాళ్ళకు వినపడాలి అని విడమర్చి చెప్పింది.

అన్న సిగ్గుపడలేదు సరికదా, నిధి దొరికినట్టు నా మోచెయ్యి పట్టుకున్నారు. "చూసినవా తమ్మీ, మనోళ్ళ చేతిల బంతి ఉంటే ఒక్కడు నోరు ఇప్పుతలేడు. అవతలోడు పట్టుకుంటెనే ఈ లొల్లి. గిది మన ఆటల యాడుంది?"

మా ఆటలో నిజంగానే అది లేదు. రికార్డు చేసిన ఒకే హోరు మొదటినుంచి చివరిదాకా మోగుతుండేది. అన్న ఆ తర్వాత మరి నాలుగు మ్యాచ్‌లకు వెళ్ళి, ఒక గీతల నోట్‌బుక్కులో, ఏ నిమిషంలో జనం అరిచారు, ఎప్పుడు ఆగారు, గోల్ దగ్గరపడేకొద్దీ ఎంత పెరిగింది అని అంతా రాసుకున్నారు. ఆ లెక్కన ప్రోగ్రాము రాశారు. హోరుకు గీతలు వణికే ఆలోచన ఆయనదే. మైదానంలో చెవికి వినపడనిదాన్ని మన ఆటలో కంటికి కనపడకుండా చేస్తే సరిపోతుందన్నారు. మొదటిసారి అది తెర మీద నడిచిన రోజు ఆయన కుర్చీలోంచి లేచి గదంతా ఒక చుట్టు తిరిగి వచ్చి మళ్ళీ కూర్చున్నారు. పని మీద అంత సంతోషం నేను నా జీవితంలో ఎప్పుడూ పడలేదు.

ఇక్కడ నేను చేసిన ఒక చిన్నపాటి నీచం కూడా చెప్పాలి, తర్వాత జరిగినదానికి అదే దారి వేసింది కాబట్టి. ఆ ఈల కథను నేను లంచ్‌రూములో అమెరికన్ సహోద్యోగులకు చెప్పి నవ్వించాను. వాళ్ళ ఆట నాకు తెలుసని, ఈయనకు తెలియదని అనిపించుకోవడానికి. ముసలావిడ వేలు చూపించినదాకా చెప్పి ఆపేశాను. దాని నుంచి ఆయన ఏం నేర్చుకున్నారో చెప్పలేదు.

పెద్ద ఆఫీసునుంచి అధికారులు వచ్చి ఆ ఏడాది కొత్త ఫీచర్లు చూసే రోజు గురువారం. బుధవారం మధ్యాహ్నం నేను నా పని పూర్తిచేస్తున్నాను. కొన్ని మ్యాచ్‌లు రెండు జట్లదీ కాని మూడో ఊళ్ళో జరుగుతాయి, ఆ మైదానాలు నా బాధ్యత. మా ప్రోగ్రాములో సొంత మైదానం జట్టుకు సున్నా, వచ్చిన జట్టుకు ఒకటి అని గుర్తు. నా మైదానాల్లో ఆ గుర్తులు ఇబ్బంది పెడుతుంటే ఒకచోట తిరగేశాను. నా మైదానాలు చక్కగా నడిచాయి. మామూలు మైదానాల్లో ఏమవుతుందో చూడలేదు. అన్న అవన్నీ ఆ పొద్దునే సరిచూసి ఉన్నారు, మళ్ళీ చూడటం ఎందుకనుకున్నాను.

గురువారం ఆ అధికారి తన పాత కాలేజీనే ఎంచుకుని ఆడటానికి కూర్చున్నాడు. ఆయన క్వార్టర్‌బ్యాక్ బంతి అందుకోబోయేసరికి సొంత జనమే వాడి మీద హోరెత్తారు, వాడి గీతలే వణికి చెరిగిపోయాయి. అవతలి జట్టు వంతు రాగానే స్టేడియమంతా గుడిలో ఉన్నట్టు మౌనం. వాడు రెండోసారి బంతి అందుకునేసరికే నాకు అర్థమైంది, ఇది బుధవారం నేను తిరగేసిన ఆ ఒక్క గుర్తు పనేనని. అధికారి చేతిలోని కంట్రోలరు బల్ల మీద పెట్టి, ఇది రాసినవాడు జన్మలో మ్యాచ్ చూసి ఉండడన్నాడు. లంచ్‌రూములో నా కథ విన్న ఒకతను, ఈల వేసింది ఆయనే కదా అన్నాడు. గది మొత్తం నవ్వింది. మా మేనేజరూ నవ్వాడు.

అన్న నవ్వలేదు. తెర దగ్గరకు వెళ్ళి, నిన్న పొద్దున సరిగ్గానే ఉండిందని ఇంగ్లీషులో మెల్లగా అన్నారు. ఎవరూ వినిపించుకోలేదు. అప్పుడు వెనక్కి తిరిగి నా వైపు చూశారు. ఆ గదిలో ఆయనకు ఆ ఆట తెలుసని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. నేను నా కాగితాల్లోకి చూసుకున్నాను.

సాకులు చెప్పుకోవాలంటే ఉన్నాయి. నా గ్రీన్ కార్డు ఫైలు అప్పుడే కంపెనీ లాయరు చేతికి వెళ్ళింది. మా ఆవిడకు ఏడో నెల. వీసా ఉద్యోగాన్ని పట్టుకుని వేలాడే రోజులు ఎలా ఉంటాయో మన తరంవాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు. సోమవారం మేనేజరుతో విడిగా చెబుదాం అనుకున్నాను. శుక్రవారమే అన్న కాంట్రాక్టు పొడిగించడం లేదని తేల్చేశారు. కంప్యూటరు తెరుచుకోకుండా పొద్దునే ఆపేశారు, తన ప్రోగ్రాములో తప్పు ఎక్కడుందో చూసుకునే అవకాశం కూడా ఆయనకు లేకపోయింది. నా బల్ల దగ్గరకు వచ్చి ఆ నోట్‌బుక్కు పెట్టి, వచ్చే ఏడాది ఎవరికైనా పనికొస్తది తమ్మీ అని వెళ్ళిపోయారు. నెల తిరగకుండా కన్సల్టింగ్ కంపెనీ ఆయన్ని ఎక్కడో పడమటి తీరాన ఫ్రీమాంట్‌లో ఎవరివో జీతాల లెక్కలు రాసే పనిలో వేసింది. వదిన సామాను సర్దుతుంటే నేను సాయానికి కూడా వెళ్ళలేదు, ఆఫీసులో పని ఉందని ఫోన్‌లో చెప్పాను.

ఆ సోమవారం ఆ గుర్తును మళ్ళీ తిరగేశాను. మార్పు కింద ఏం చేశామో రాయాలి కదా, చిన్న సవరణ అని రాశాను. ఆ ఏడాది ఆటలోంచి ఆ ఫీచరు తీసేశారు. మరుసటి ఏడాది నేనే మళ్ళీ పెడతానన్నాను, నోట్‌బుక్కు నా దగ్గరే ఉంది. ఆడినవాళ్ళు మెచ్చుకున్నారు, నన్ను పై మెట్టెక్కించారు. ఆట చివర వచ్చే పేర్లలో నా పేరు మూడోది. ఆయన పేరు ఎక్కడా లేదు.

ఇదంతా మా అమ్మాయికి చెప్పాను. తను ఆట ఆపేసి, కంట్రోలరు పక్కన పెట్టింది. ఏడుస్తుందేమో, కోప్పడుతుందేమో అనుకున్నాను. "నాకు చెప్తే ఏం యూజ్ డాడీ? ఆ అంకుల్‌కి చెప్పండి," అని లేచి లోపలికి వెళ్ళిపోయింది. మిగిలిన సెలవులన్నీ నాతో మామూలుగానే మాట్లాడింది, టీవీ మాత్రం మళ్ళీ పెట్టలేదు.

మా ఆవిడకూ వదినకూ ఏటా ఉగాదికి ఫోన్లు నడుస్తూనే ఉన్నాయి, ఆ ఫోను నేను ఎప్పుడూ అందుకోలేదు. ఈసారి ఉగాదిదాకా ఆగకుండా నేనే ఫోను చేశాను. క్రిస్మస్‌కు ముందు ఒక మధ్యాహ్నం ఫ్రీమాంట్‌లో వాళ్ళింటి తలుపు తట్టాను. వదిన మనవణ్ణి బడినుంచి తేవడానికి వెళ్ళింది, అన్న ఒక్కరే ఉన్నారు. జుట్టంతా నెరిసింది. బక్కపడ్డవు తమ్మీ అంటూ తనే టీ పెట్టారు, చక్కెర ఎన్ని చెంచాలో అడగకుండానే వేశారు. నేను నోట్‌బుక్కు బల్ల మీద పెట్టాను. ఆయన పేజీలు తిప్పుతూ, ఈల కొడితే పెద్దమ్మ ఆపింది అని తెలుగులో రాసుకున్న చోట ఆగి గట్టిగా నవ్వారు. ఆ నవ్వు ఆగకముందే చెప్పకపోతే ఇక చెప్పలేనని నాకు తెలుసు. బుధవారం మధ్యాహ్నంతో మొదలుపెట్టి లంచ్‌రూము కథతో సహా అంతా చెప్పాను.

తిడతారనుకుని వెళ్ళాను. ఆయనకు ఎప్పుడో తెలిసే ఉంటుందని, మనసులో తిట్టుకుని ఊరుకున్నారని ఇన్నేళ్ళూ ఒక రకమైన ధైర్యం చెప్పుకున్నాను. ఆయనకు తెలియదు. తప్పు తనదేనని నమ్మారు. ఆఫీసుకు పోయే రైల్లో ఏళ్ళ తరబడి ఆ ప్రోగ్రామును వరసవరసనా మనసులో చదువుకునేవారట, ఎక్కడ సమానం అని రాయవలసినచోట సమానం కాదు అని రాశానా అని. తర్వాత రెండు గేమ్ కంపెనీలు పిలిస్తే, అంత చిన్నది సరిచూసుకోలేనివాడికి ఆ పని ఎందుకని వెళ్ళలేదట. ఇవన్నీ నన్ను నొప్పించడానికి అనలేదు, పాత ఊరి సంగతులు చెప్పుకున్నట్టు చెప్పారు.

ఆ తర్వాత నోట్‌బుక్కు మూసి, దాని మీద అరచెయ్యి పెట్టి అడిగారు.

"అయితే నేను రాసింది మంచిగనే ఉండెనా తమ్మీ?"

ఇప్పుడు ఆటలో ఆటగాళ్ళకు పేర్లున్నాయి, దెబ్బ తగిలితే చివరిదాకా గుర్తుంచుకుంటున్నారు, జనం ఎప్పుడు నోరు విప్పాలో ఎప్పుడు మూయాలో చిన్నపిల్లలకు కూడా తెలుస్తోంది. ఆ రోజు నవ్వినవాళ్ళు ఎక్కడున్నారో తెలియదు, ఆ గదిలో ఇప్పుడు ఏదో దంతవైద్యుడి క్లినిక్ ఉంది. వాళ్ళందరినీ పోగుచేసి చెప్పలేను కాబట్టే ఇది రాస్తున్నాను. ఆయనకు చెప్పవలసింది మాత్రం అక్కడే, లేచి నిలబడి చెప్పాను.

"ప్రతి అక్షరం సరిగ్గా ఉందన్నా. తప్పు నాది. ఆ రోజు మీరు నా వైపు చూసినప్పుడు అందరిముందూ అనవలసిన మాట ఇది. అనలేదు. నన్ను క్షమించండి."